మానసిక వ్యాధుల మందు, ఆపరేషన్ మత్తుమందు వికటిస్తే ఎలా గుర్తుపట్టాలి

హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి మానసిక వ్యాధుల మందు మొదలుపెట్టాక, లేదా డోసు పెంచాక తొలి 2 వారాల్లో జ్వరం వస్తే, థర్మామీటరు చూసి ఊరుకోకండి. రోగి మోచేతిని పట్టుకుని మెల్లగా మడిచి చాపండి. మామూలు జ్వరంలో చెయ్యి తేలిగ్గా వంగుతుంది. ఈ మందులు అరుదుగా వికటించి ప్రాణం మీదికి తెచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అయితే సీసపు గొట్టాన్ని వంచుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉంటుంది. దానికి తోడు చెమటలు, అయోమయం, బీపీ ఎగుడుదిగుళ్లు. కండరాలు చితికిపోతుంటే మూత్రం చిక్కటి టీ రంగులోకి మారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

తర్వాతి డోసు ఆపి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మందుల చీటీ, చివరి డోసు వేసిన సమయం చెప్పి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీపీకే రక్తపరీక్ష గురించి అడగండి. ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోవడం చూసి పిచ్చి ముదిరిందనుకుని అదే మందు ఇంకో ఇంజెక్షన్ వేయించడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

డిప్రెషన్ మాత్రలు వాడేవారికి నొప్పి మందు ట్రమడాల్‌, యాంటీబయాటిక్ లినెజోలిడ్‌ లాంటివి తోడైతే తేడా గంటల్లోనే కనిపిస్తుంది: వణుకు, విరేచనాలు, పెద్దవైన కనుపాపలు. పాదాన్ని గబుక్కున పైకి నెట్టి పట్టుకుంటే అది టపటపా కొట్టుకుంటుంది. ఇది మెదడు రసాయనం సెరటోనిన్ మోతాదు మించితే వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్. దీనికీ ఆసుపత్రే.

ఇక ఆపరేషన్‌లో ఇచ్చే మత్తుమందు. సెవోఫ్లూరేన్ లాంటి పీల్చే ఆవిరి మందులు, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ కొందరిలో వంశపారంపర్యంగా, కండరాలు అదుపుతప్పి ఒళ్లు వేడెక్కే మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా తెస్తాయి. గతంలో ఆపరేషన్ సాఫీగా జరిగినవారికీ రావచ్చు. ముందు పెరిగేది ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్. దవడ బిగుసుకోవచ్చు. జ్వరం చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది, అప్పటిదాకా ఆగితే చెయ్యి దాటిపోతుంది. ఆవిరి మందు ఆపి, 100 శాతం ఆక్సిజన్ పెట్టి, బరువులో కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున దీనికి విరుగుడు మందైన డాంట్రోలీన్ ఇస్తారు. 70 కిలోల మనిషికి 175 మిల్లీగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాముల వయల్స్ 9. ఒక్కోదాన్ని 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌లో కరిగించాలి. అది ఒక్కరి చేతిమీద అయ్యే పని కాదు.

అందుకే రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ టేబుల్ మీద ఇలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ప్రొపోఫాల్, వెన్నులో ఇచ్చే మత్తు లాంటి సురక్షిత దారులున్నాయి. లిథియం (మానసిక వ్యాధుల మందు), ఎంఏఓ నిరోధకాలు (ఒక రకం డిప్రెషన్ మందులు) వాడుతున్నా దాచొద్దు, సొంతంగా మానేయొద్దు. లిథియం కండరాలను సడలించే మందుల ప్రభావాన్ని పొడిగిస్తుంది. ఎంఏఓ నిరోధకాలతో నొప్పి మందు పెథిడిన్ కలిస్తే ప్రాణాపాయం.

న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ తగ్గిన మనిషికి ఆ రకం మందు మళ్లీ మొదలుపెట్టడానికి కనీసం 2 వారాలు ఆగాలి. నెలకోసారి వేసే డిపో ఇంజెక్షన్ వల్ల వచ్చి ఉంటే, మందు ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ కాలం.