ఎండలు ముదరకముందే: ఫారిన్ క్యారవాన్‌ను సీమ రోడ్ల మీద తిప్పాలనుకునేవాళ్లకు

మార్చి దాటిందంటే అనంతపురంలో షెడ్డు వాళ్లు మధ్యాహ్నం పన్నెండుకే షట్టర్ సగం దించేస్తారు, కాబట్టి బండికి చేయించుకునేదేదో ఉగాదిలోపే చేయించుకోండి. మాది బ్రిటన్‌లో తయారైన క్యారవాన్ వ్యాను, అంటే లోపలే పడకా వంటా పెట్టుకునే ఇల్లులాంటి బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఉద్యోగం అయిపోయింది, పిల్లలు సెటిలయ్యారు, ఇంక ఇదే మన ఇల్లు అనుకుని నేనూ మా ఆవిడా బయల్దేరితే మొదటి వేసవే మాకు చుక్కలు చూపించింది. ఎందుకో తర్వాత తెలిసింది. అది చలిదేశం కోసం కట్టిన పెట్టె. చిన్న కిటికీలు, కింద హీటరు, ఎక్కడా సందు లేని గోడలు, అన్నీ లోపలి వేడి బయటికి పోకుండా చూసేవే. మన దగ్గర అదే పెట్టె రాత్రి తొమ్మిదైనా కుంపటిలా ఉంటుంది. మీరు చేయించే ప్రతి మార్పూ దీన్ని తిరగేయడానికే అనుకోండి.

అయితే కటింగ్ మిషన్ ముట్టకముందు కాగితాలు చూసుకోవాలి. వాడిన బండిని బయటి దేశం నుంచి తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, దిగేది ముంబై రేవులోనే. అమ్మేవాళ్ల దగ్గర కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే బండిని దిగుమతి చేసుకున్న కాగితం, లేకపోతే ఎంత చవకైనా దండం పెట్టి వచ్చేయండి. మీటరు కూడా చూడండి, బ్రిటన్ బండ్లలో మైళ్లుంటాయి. ముల్లు 60 మీద ఉందంటే మీరు 96లో పోతున్నట్టు, హైవే మీద కెమెరాకు ఆ సంగతి చెప్పినా వినదు.

మార్పుల సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మోటార్ క్యారవాన్లు ఎలా ఉండాలో చెప్పే ఏఐఎస్-124 (ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్) అని వేరే ప్రమాణమే ఉంది. సొంతానికి వాడుకునే ఇలాంటి క్యాంపర్ వ్యాను నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే బాడుగకు తిప్పని బండి, లెక్కలోకే వస్తుంది, కాబట్టి ఆర్సీలో ఏమని రాశారో ముందు చదవండి. సీట్లు పీకి మంచం వేయించడం, పైకప్పు ఎత్తు పెంచడం, బాడీ వెడల్పు చేయడం లాంటివి ఆర్టీఓ ఆఫీసులో అడక్కుండా మొదలుపెట్టొద్దు. మా వెల్డర్ "ఎవరు చూస్తారు సార్, నేను వందల బండ్లు కోసినా" అన్నాడు. చూసేది ఆర్టీఓ కాదు, యాక్సిడెంట్ అయ్యాక వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయరు. చేయించినవన్నీ పాలసీలో రాయించండి.

ఇంకొకటి, ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవాళ్లకు: వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంటే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

ఇప్పుడు గ్యాస్. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఈ బండ్లలో సిలిండర్‌కు విడిగా ఒక అర ఉంటుంది, అందులోంచి మనం ఉండేవైపుకు గాలి రాకుండా సీలు చేసి, అడుగున ఒక రంధ్రం వదులుతారు. ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే కిందికి దిగి ఆ రంధ్రంలోంచి రోడ్డు మీదికి పోతుంది. మా బండి షెడ్డు నుంచి వచ్చాక ఎందుకో టార్చి వేసి చూస్తే ఆ రంధ్రం మీద నీటుగా రేకు ముక్క, చుట్టూ సిలికాన్! అడిగితే "దుమ్ము వస్తాందని మూసేసినా సార్" అన్నాడు కుర్రోడు, మేలు చేశానన్న మొహంతో. వాడి తప్పు కాదు, చెప్పకపోవడం నా తప్పు. మీరు మాత్రం పని మొదలుపెట్టకముందే అలాంటి రంధ్రాల చుట్టూ మార్కర్‌తో గుండ్రంగా గీసి "మూయొద్దు" అని తెలుగులో రాయండి. అక్కడి రెగ్యులేటర్ మన సిలిండర్‌కు పట్టదు, మధ్యలో ఏదో నట్టు తిప్పి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, మన రెగ్యులేటరూ ట్యూబూ కొత్తవి వేయించండి. 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. అది నిలబెట్టే ఉండాలి, బండి కదిలేముందు వాల్వు కట్టేయాలి. ఎండాకాలం వంట బయట పందిరి కింద చేసుకుంటే ఇంకా మంచిది, లోపల ఉగ్గాని తాలింపు వేసినా ఒళ్లు చెమటలు పట్టి తడిసిపోతాం.

కరెంటు కూడా అంతే. అక్కడిదీ ఇక్కడిదీ 230 వోల్టులే, అందుకని అందరూ ధీమాగా ఉంటారు. గుత్తి దగ్గర ఒక డాబాలో రాత్రికి ఆగి వాళ్ల ప్లగ్గులోంచి లైను లాక్కున్నాం. మా ఆవిడ చెంబుతో కాళ్లు కడుక్కుని తలుపు కమ్మీ పట్టుకుందో లేదో చెయ్యి సుర్రుమంది. సాకెట్‌లో మూడో కన్నం ఉంది గానీ దాని వెనక ఎర్త్ వైరే లేదు. ఛార్జర్లలోంచి కారే కాస్త కరెంటు పోయే దారి లేక బాడీ మీదే నిలిచిపోయింది. అంత తక్కువకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) కూడా పడదు, అయినా అది లేకుండా ఎక్కడా కనెక్షన్ తీసుకోవద్దు. సాకెట్ టెస్టర్ అని మూడు లైట్లది దొరుకుతుంది, ముందు అది గుచ్చి చూడండి, ఎర్త్ లేదంటే ఆ రాత్రికి బ్యాటరీ మీదే గడపండి.

సోలార్ పలకల్ని పైకప్పుకు అతికించేయకుండా కింద గాలి ఆడేలా క్లాంపుల మీద ఎత్తి వేయించండి. పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గరవి, ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మన ఎండకు పలక 65 డిగ్రీలు తాకిందంటే లెక్క మీరే వేసుకోండి. లిథియం బ్యాటరీ ఇంజన్ పక్కన వద్దు, 45 డిగ్రీలు దాటితే చాలావాటికి ఛార్జింగ్ ఆగిపోతుంది. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఆ పాత రకం ఫ్రిజ్ మీద ఆశ పెట్టుకోవద్దు. మా పెరుగు ఒక్క పూటకే పులిసి మూత ఎగిరింది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ వేయించాకే స్థిమితపడ్డాం.

కిటికీలు గాజు కాదు, యాక్రిలిక్. థిన్నర్ తగిలితే జాలీలా పగుళ్లు వస్తాయి, దుమ్ము మీద పొడిగుడ్డ వేసినా గీతలే. నీళ్లు పోసి కడగండి.

బరువు కోసం కాటా ఎక్కించండి, మార్కెట్ యార్డు దగ్గర ఎక్కడైనా ఉంటుంది. నీళ్ల ట్యాంకు నింపి, సామాన్లు పెట్టి, మనుషులు కూర్చుని మరీ ఎక్కించాలి, ఖాళీ బండిని తూచి లాభం లేదు. ఇలాంటివాటిలో చాలావాటికి మొత్తం పరిమితి 3,500 కిలోలే, 100 లీటర్ల నీళ్లంటేనే 100 కిలోలు. ముందు చక్రాలు ఒకసారి, వెనకవి ఒకసారి విడిగా కూడా తూపించండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. పైన గుండీలు (రోడ్డుకు తగిలే గట్లు) కొత్తగా కనిపించినా పాతబడ్డ టైరుతో మే నెలలో హైవే ఎక్కొద్దు, గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి.

కొన్ని బండ్లకు తలుపు కుడివైపు ఉంటుంది, అంటే దిగేది సరిగ్గా లారీలు పోయేవైపు. మాది అదే. రోడ్డు పక్కన ఆపితే ముందు డ్రైవర్ దిగి చూశాకే మిగతావాళ్లు దిగాలి, మనవళ్లు వస్తే మరీను.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో వాన పడ్డాక తారు దిగొద్దు, చక్రం మునిగితే ట్రాక్టర్ రావాల్సిందే. జాకీ కింద కడప బండ ముక్క పెడితే పగిలి జారుతుంది, మందపాటి చెక్క దిమ్మలు రెండు పెట్టుకోండి. బోరు నీళ్లు ట్యాంకులో పోస్తే ఉప్పు పేరుకుని పంపు మూసుకుపోతుంది, తాగడానికైతే మా అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, క్యాన్ నీళ్లు వాడండి.

మేం రోహిణి కార్తెలో బండి తీయం. ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టి, కిటికీలకు బయటివైపు నుంచి తెల్లగుడ్డ కడతాం. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే లోపలికొచ్చేసినట్టు.