పిల్లల పళ్ళు పసుపుగా ఉన్నాయా? ముందు ఒక కాగితం తీసుకోండి

పిల్లాడి పళ్ళు పసుపుగా కనిపిస్తే చాలు, "సరిగ్గా తోమట్లేదు" అని వాడి మీద పడతాం. కానీ ఎంత తోమినా పోని పసుపు ఒకటుంది, అది గార కాదు, పన్ను మీద ఎనామిల్ పొరే సరిగ్గా తయారవలేదన్నమాట, జీన్‌లో తేడా వల్ల వస్తుంది, పేరు అమెలోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా.

అదేనా కాదా అని చూడాలంటే ముందు పాత ఫొటోలు తీయండి. పాలపళ్ళు కూడా ఇలాగే ఉండేవా? పాలపళ్ళూ, తర్వాత వచ్చినవీ, దాదాపు అన్నీ ఇలాగే ఉంటే జీన్ మీద అనుమానపడొచ్చు. ఆరేళ్ళకి వచ్చే దవడ పళ్ళు, ముందు పళ్ళు మాత్రమే పాడైతే అది వేరే సమస్య. నల్గొండ లాంటి చోట బోరు నీళ్ళు తాగే ఊరైతే పక్కింటి పిల్లల పళ్ళు కూడా చూడండి, వాళ్ళకీ ఉంటే ఫ్లోరైడ్ అయ్యుండొచ్చు, నీళ్ళు టెస్ట్ చేయించండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇప్పుడు కాగితం. అమ్మవైపు, నాన్నవైపు మూడు తరాలు గీసి ఎవరెవరికి ఉందో గుర్తు పెట్టండి. ఇక్కడో చిక్కుంది, "మా వాళ్ళల్లో ఎవరికీ లేదు" అనేస్తారు, పెళ్ళి సంబంధాల భయం కదా, అందుకని పళ్ళ రంగు అడగకుండా "చిన్న వయసులోనే పెట్టుడు పళ్ళు ఎవరు కట్టించుకున్నారు" అని అడగండి, మాట అదే బయటికొస్తుంది.

నాన్నకి ఉండి కూతుళ్ళందరికీ వచ్చి కొడుకులకి ఒక్కరికీ రాకపోతే అమెల్‌ఎక్స్ జీన్ మీద అనుమానం, అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, నాన్న కూతురికిచ్చేది తన ఎక్స్, కొడుక్కిచ్చేది వై కాబట్టి. ఎనామిల్ తయారయ్యేటప్పుడు అందులో ఉండే ప్రొటీన్‌లో దాదాపు 90 శాతం అమెలోజెనినే, దాన్ని చేయించేది ముఖ్యంగా ఈ జీనే. వై మీద కూడా దీని జోడీ ఉంది గానీ అది చేసేది చాలా తక్కువ, లోటు పూడ్చలేదు. ఆడపిల్లలకి రెండు ఎక్స్‌లు కదా, కొన్ని కణాల్లో మంచిది, కొన్నిట్లో చెడ్డది పనిచేసి పన్ను మీద నిలువు చారలు పడతాయి, టార్చ్ వేసి చూడండి.

నాన్న నుంచి కొడుక్కి వచ్చిందంటే అమెల్‌ఎక్స్ కాదు, 4వ క్రోమోజోమ్ మీదున్న ఈనామ్ లాంటి జీన్ కావొచ్చు. ఎవరికీ లేకుండా పిల్లాడికే వచ్చి, పైగా మీది మేనరికమైతే ఎంఎంపీ20, కేఎల్‌కే4 లాంటి జీన్లని గుర్తు చేసుకోవాలి, వీటిల్లో ఒకదాని తేడా అమ్మానాన్నలిద్దరి దగ్గరా బయటపడకుండా దాగి ఉంటే ప్రతి కాన్పుకీ 25 శాతం అవకాశం.

ఆ కాగితం పట్టుకునే డెంటిస్ట్ దగ్గరికెళ్ళండి. ఎక్స్‌రేలో ఎనామిల్ కింది పొర కంటే తెల్లగా కనపడాలి, తేడా లేదంటే అనుమానం గట్టిపడినట్టే. కిడ్నీ స్కాన్ అవసరమా అని కూడా అడగండి, ఫామ్20ఏ అనే జీన్ చెడితే పళ్ళతో పాటు కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది, ఇది చాలామంది వదిలేసే విషయం. జీన్ టెస్ట్ చేయిస్తే ఒక్క జీన్‌కి కాకుండా ప్యానెల్‌గా, అంటే చాలా జీన్లు ఒకేసారి చూసేలా చేయించండి.

రిపోర్ట్ వచ్చేదాకా పళ్ళని అలా వదిలేయొద్దు. దవడ పళ్ళకి స్టీలు క్యాప్ వేయించేస్తే అరుగుదల ఆగుతుంది, తెల్లబడతాయని బ్లీచింగ్ జోలికి మాత్రం పోవద్దు. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, తోమడానికి గోరువెచ్చని నీళ్ళివ్వండి.