వాటా ఇచ్చే ముందు: డబ్బు ఎక్కడ ఇరుక్కుందో చూసుకోండి

"పది లక్షలు పెడతాను, వ్యాపారంలో సగం వాటా రాసివ్వు" అని దగ్గరివాళ్లు అడిగితే చాలామంది ఆశపడతారు. వాటాకి ఈఎంఐ ఉండదు కదా! కానీ అప్పు ఐదేళ్లలో తీరుతుంది, వాటా ఎప్పటికీ తీరదు. ఇంట్లో మొదలై షెడ్డు దాకా వచ్చిన పచ్చళ్ల యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుందాం.

సమస్య: అమ్మకాలు బాగున్నాయి, ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్: లిమిట్ దాకా వాడుకుంటూ, కడుతూ ఉండే బ్యాంకు అప్పు) మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంటోంది

కారణం: ఓడీ డబ్బుతో మెషిన్ కొనడం. ఆరు లక్షల ప్యాకింగ్ మెషిన్‌కి ఓడీ నుంచే చెక్కు రాస్తే, గుంటూరు మిర్చి, ఆ తర్వాత మామిడికాయ కొనే సీజన్‌కి లిమిట్‌లో ఏమీ మిగలదు. ఏడాది స్టేట్‌మెంట్ ముందేసుకుని ఒక్కో నెలలో బాకీ ఎంత కిందికి దిగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఏ నెలలోనూ ఆరు లక్షల కిందికి రాలేదంటే, ఆ సొమ్ము మెషిన్‌లో కూర్చుందన్నమాట.

పరిష్కారం: ఆ ఆరు లక్షలని ఐదేళ్ల టర్మ్ లోన్‌గా (వాయిదాల్లో తీరే అప్పుగా) విడదీయమని బ్యాంకుని అడగండి. మిగిలిన లిమిట్‌కి ఒక లెక్క ఉంది: చిన్న పరిశ్రమలకి, వచ్చే ఏడాది అంచనా టర్నోవర్‌లో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మీరు పెట్టుకోవాలి. 60 లక్షల టర్నోవర్‌కి బ్యాంకు వాటా 12 లక్షలు, మీది 3. అంచనాని మీ జీఎస్టీ రిటర్న్‌లు సమర్థించాలి, గాల్లో అంకెలు వేస్తే మేనేజర్ నమ్మడు. సీజన్ నాలుగు నెలలకి అదనపు లిమిట్ కావాలని కూడా అదే దరఖాస్తులో రాయండి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

సమస్య: "తాకట్టు లేదు" అని బ్యాంకు తిప్పి పంపింది

సూక్ష్మ, చిన్న సంస్థలకి 20 లక్షల వరకు (2026 ఏప్రిల్‌కి ముందు 10 లక్షల వరకు) తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అంతకు మించితే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది, అంటే తాకట్టు బదులు ఒక ప్రభుత్వ ట్రస్టు బ్యాంకుకి ఇచ్చే హామీ. 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. ఫీజు మాత్రం సాధారణంగా మనమీదే పడుతుంది. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ లోన్ పథకమైన ముద్రాలో తరుణ్ లోన్ సక్రమంగా తీర్చినవాళ్లకి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా అవకాశం ఉంది.

అయితే అసలు కారణం చాలాసార్లు తాకట్టు కాదు. క్యూఆర్ కోడ్ ఇంట్లోవాళ్ల సేవింగ్స్ ఖాతాది, అమ్మకాలు అటు పోతాయి, కరెంట్ ఖాతా బోసిగా ఉంటుంది. ముందు ఆ స్టిక్కర్ మార్చండి. ఆర్నెల్ల తర్వాత అదే బ్యాంకుకి మళ్లీ వెళ్లండి.

సమస్య: లాభం కాగితం మీద ఉంది, చేతికి రావట్లేదు

కారణం: సూపర్‌మార్కెట్ వాళ్లు బిల్లులు మూడు నెలలు ఆపుతున్నారు. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. (కొని అమ్మే వ్యాపారులకి ఈ రక్షణ లేదు, మర్చిపోవద్దు.)

ఫిర్యాదు చేస్తే ఆర్డర్ పోతుందన్న టెన్షన్ అబద్ధమేమీ కాదు. అందుకే ముందు ఫిబ్రవరిలో ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేసి ఒక మర్యాదైన ఉత్తరం పంపండి. గడువు దాటి మీకు రావాల్సిన బాకీ మార్చి 31కి మిగిలిపోతే, వాళ్లు దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోలేరు. మిగతా ఒత్తిడి వాళ్ల ఆడిటరే పెడతాడు.

సమస్య: ఎంత కట్టినా అప్పు తరగట్లేదు

కారణం: డైలీ ఫైనాన్స్. పదివేలు రాసుకుని తొమ్మిదివేలు చేతికిచ్చి, వంద రోజులు రోజుకి వంద వసూలు చేస్తే, వడ్డీ ఏడాదికి 75 శాతం పైనే. ఫ్లాట్ రేటు (ఎంత తీర్చినా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ వేసే) మెషిన్ లోన్‌లోనూ ఇదే కిటుకు: మూడేళ్లకి 12 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే బాకీ మీద దాదాపు 21 శాతం. సంతకం పెట్టే ముందు "రెడ్యూసింగ్ రేటు ఎంత?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.