రెండు వీఎంలకు (వర్చువల్ మెషీన్లకు) ఒకే ఐపీ అడ్రస్ వస్తే నేను ఎలా సరిచేశానంటే

డేటా సెంటర్‌లో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) టెంప్లేట్ నుంచి, అంటే ముందే సిద్ధం చేసి పెట్టుకున్న నమూనా నుంచి, కొత్త వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) క్లోన్ చేశాను, అంటే కాపీ తీశాను. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆన్ చేసిన కాసేపటికే, ఎప్పటినుంచో నడుస్తున్న ఇంకో మెషీన్‌కి కనెక్షన్ తెగిపోవడం మొదలైంది. అది అందరూ వాడేది కాబట్టి చాలా టెన్షన్ పడ్డాను. చూస్తే రెండింటికీ ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామా)!

మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) ఒకటే అయ్యాయేమో అనుకున్నాను. కాదు, వేర్వేరుగానే ఉన్నాయి. వీల్యాన్ (నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీసే అమరిక) కూడా సరిగానే ఉంది. డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీలు పంచే సర్వీసు) లీజులు, అంటే ఎవరికి ఏ ఐపీ ఇచ్చిందో చూపే జాబితా తెరిచాక అసలు సంగతి తెలిసింది: ఐపీ అడిగేటప్పుడు రెండూ ఒకే క్లయింట్ ఐడీ (తామెవరో చెప్పే గుర్తు) పంపుతున్నాయి. ఉబుంటు సర్వర్‌లో సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రాం) ఆ ఐడీని మ్యాక్ నుంచి కాకుండా, మెషీన్-ఐడీ అనే ఫైలు నుంచి తయారుచేస్తుంది. క్లోన్ చేసినప్పుడు 32 అక్షరాల ఆ ఐడీ కూడా ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది.

కొత్త వీఎం నెట్‌వర్క్ ఆపి, కన్సోల్‌లో (నెట్‌వర్క్ లేకుండా నేరుగా తెరిచే తెర) లాగిన్ అయి, ఈటీసీ (/etc) ఫోల్డర్‌లోని ఆ మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేశాను. ఫైలును తొలగించకండి, ఖాళీగా ఉంచితే చాలు. డీబస్ (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సర్వీసు) ఫోల్డర్‌లోనూ అదే పేరుతో విడి ఫైలు ఉంటే పాత ఐడీ అక్కడి నుంచి తిరిగి వచ్చేస్తుంది, అదీ చూసుకోండి.

వేరే ఐపీ వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు, అంటే మెషీన్ తన గుర్తింపు చూపే రహస్య కీలు కూడా క్లోన్లన్నింటిలో ఒకటే ఉన్నాయని అప్పుడే గమనించాను. అది ఇంకా ప్రమాదం. వాటినీ మార్చి, టెంప్లేట్‌నే శుభ్రం చేసి పెట్టాను.