డిసెంబర్ 31కి ఇంట్లో తీపి కాక్‌టెయిల్స్ కలుపుతున్నారా? నాలుకతో కొలవకండి

పోయిన నెల శామీర్‌పేట దగ్గర ఒక ఫార్మ్‌హౌస్‌లో ఎంగేజ్‌మెంట్ పార్టీ. బార్ కౌంటర్ మాదే. పదకొండేళ్లుగా నా బతుకుతెరువు ఇదే. పన్నెండింటికి కౌంటర్ మూసి గ్లాసులు సర్దుకుంటున్నాం. ఈలోగా పెళ్లికొడుకు ఫ్రెండ్స్ కిచెన్‌లో దూరి వాళ్లు తెచ్చుకున్న వెనిల్లా వోడ్కా, మిగిలిన రసమలై పాలు, కరిగిపోతున్న ఐస్‌క్రీం అన్నీ కలిపి మంచినీళ్ల డిస్పెన్సర్‌లో పోశారు. ఒకడు రుచి చూసి "ఏం తెలియట్లేదురా, ఇంకొంచెం పొయ్యి" అన్నాడు. పోశారు. ఇంకొకడు చూశాడు. మళ్లీ పోశారు.

ఎప్పుడూ మందు ముట్టని ఒకమ్మాయి "బాదంపాలలా ఉంది" అంటూ గంటలో నాలుగు గ్లాసులు తాగేసింది. రెండింటికి వాష్‌రూమ్ తలుపు పగలగొట్టి బయటికి తెచ్చారు. మూడు రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చింది.

తాగి బండి తీయొద్దు, ఖాళీ కడుపుతో తాగొద్దు లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే తప్పు గురించి. ఘాటు తెలియట్లేదని ఇంకాస్త పోయడం. విస్కీతో ఈ తప్పు జరగదు, గొంతు మండి చెయ్యి ఆగుతుంది. తీపి కాక్‌టెయిల్‌లో ఆపేవాళ్లు ఉండరు. చక్కెర ఘాటును కప్పేస్తుంది, క్రీమ్ మంటను మింగేస్తుంది, ఐస్‌క్రీం చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది. పైగా వోడ్కాకే చాక్లెట్ వాసనో వెనిల్లా వాసనో ఉంటుంది. ఇంకోటి కూడా ఉంది. పాలు, క్రీమ్ కడుపులో ఉంటే మత్తు మెల్లగా ఎక్కుతుంది. "నాకేం కాలేదే" అనుకుంటూ రెండోదీ మూడోదీ లాగించేస్తారు, ఆ తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ఒక్క గ్లాసు లెక్క చూడండి. మడ్‌స్లైడ్ అని ఒకటుంది, కోల్డ్ కాఫీలా కనిపిస్తుంది. ఇంట్లో కలిపేవాళ్లు సాధారణంగా వెనిల్లా వోడ్కా 60 ఎంఎల్, ఐరిష్ క్రీమ్ (విస్కీ కలిపిన తీపి క్రీమ్) 30, కాఫీ లిక్యూర్ (కాఫీ రుచి ఉన్న తీపి మందు) 30 పోస్తారు. వోడ్కా 37.5 శాతం, ఐరిష్ క్రీమ్ 17, కాఫీ లిక్యూర్ 20 అనుకుంటే అచ్చమైన ఆల్కహాల్ 33 ఎంఎల్ దాటుతుంది. మన 42.8 శాతం విస్కీలో అది రెండున్నర స్మాల్ పెగ్గుల (ఒక్కోటి 30 ఎంఎల్) పైనే. ఒక్క గ్లాసులో. ఐరిష్ క్రీమ్‌ని పాల ఖాతాలో వేసేవాళ్లను చాలామందిని చూశాను. అదీ మందే, లెక్కలో వేయండి.

కొనేటప్పుడు

సీలు మీరే తీయండి. "ఫారిన్ సరుకు, సగం రేటు" అని ఎవరో తెచ్చిచ్చిన సీసా వద్దు. 2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిందని అనుమానిస్తున్న మందు తాగి ఆరుగురు విదేశీ టూరిస్టులు చనిపోయారు. మిథనాల్‌ని వాసనతోనో రుచితోనో పట్టుకోలేరు, చాక్లెట్ ఫ్లేవర్ కింద అసలే పట్టుకోలేరు. లేబుల్ మీద శాతం చదవండి. ఫ్లేవర్డ్ వోడ్కాలన్నీ ఒకే శాతంలో ఉండవు, మామూలు వోడ్కాలో సాధారణంగా ఇంకా ఎక్కువ.

కలిపేటప్పుడు

పెగ్ మెజర్ లేదా? దగ్గుమందు మూత కడిగి వాడండి. 10 ఎంఎల్ గీత దాకా మూడుసార్లు పోస్తే స్మాల్ పెగ్గు. క్వార్టర్ సీసా అంటే 180, ఆరు స్మాల్ పెగ్గులు. ఎనిమిది గ్లాసుల జగ్గుకి వోడ్కా 240 ఎంఎల్, అంతే. లిక్యూర్ కూడా పోస్తుంటే వోడ్కా ఇంకా తగ్గించండి. జగ్గులో ముందు మందు కొలిచి పోసి, తర్వాత పాలు, ఐస్‌క్రీం వేయండి. వరస తిప్పితే చివర్లో "కొంచెం రుచికి" అని చెయ్యి జారుతుంది. ఒకసారి మా కుర్రాళ్లను కంటిచూపుతో 30 పోయమని కింద మెజర్ పెట్టి చూశాను. పనిలో ఆరితేరినవాడు 45 పోశాడు. మీరెంత పోస్తారో ఆలోచించుకోండి.

క్రీమ్‌లో నిమ్మరసం వేస్తే విరుగుతుంది. విరిగిన డ్రింకు ఎవరూ ముట్టుకోరు, అదొక లాభం.

రుచి చూడండి, తీపి సరిపోయిందో లేదో తెలుస్తుంది. మందు సరిపోయిందో లేదో తెలియదు. నాలుకతో కొలవకండి.

పిల్లలున్న ఇంట్లో

చాక్లెట్ షేక్ గ్లాసులో చాక్లెట్ వోడ్కా పోసి టీపాయ్ మీద పెట్టి డాన్సుకి వెళ్తారు. ఐదేళ్ల పిల్లాడికి తేడా ఎలా తెలుస్తుంది? చిన్నపిల్లలకు మందు పడితే రక్తంలో షుగర్ పడిపోతుంది, ఫిట్స్ రావచ్చు. ఆ రాత్రికి పిల్లల షేక్ స్టీల్ గ్లాసుల్లోనే, పెద్దలది గాజు గ్లాసుల్లోనే. మిగిలింది ఫ్రిజ్‌లో దాచొద్దు, సింకులో పారబోయండి. వోడ్కా జెల్లీ అయితే పిల్లలున్న ఇంట్లో చేయనే చేయొద్దు.

ఇక వరసగా చెప్పేస్తాను, రాత్రి పదకొండింటికి మీరు ఇవన్నీ చదవరు, ఇప్పుడే చదవండి.

షుగర్‌కి గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడే మావయ్యలకు ఇవ్వొద్దు. గ్లాసులో ఎంత తీపి ఉన్నా తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు, చూసేవాళ్లు మత్తనుకుంటారు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లకు అసలే వద్దు. బాదం, జీడిపప్పు, హేజల్‌నట్ ఏది వేసినా గట్టిగా చెప్పండి, ఒకరికైనా పడకపోవచ్చు. ఎస్‌ప్రెస్సో వేస్తే మత్తు తగ్గదు, నిద్ర రాదు కాబట్టి ఇంకో రెండు తాగుతారు. పచ్చి గుడ్డు వద్దు. పొగలొచ్చే డ్రింకులు ఇంట్లో వద్దు. 2017లో గురుగ్రామ్‌లో ఒకాయన లిక్విడ్ నైట్రోజన్ పొగ ఆరకముందే తాగితే కడుపుకి చిల్లు పడింది. డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) వేసి షేకర్ మూత పెడితే పేలుతుంది. కేకు మీద వోడ్కా వెలిగించేవాడెవడైనా ఉంటే సీసా లాక్కోండి. మంట మీద సీసాతో పోస్తే మంట సీసాలోకి ఎక్కుతుంది. చెప్పకుండా ఎవరి గ్లాసులోనూ వోడ్కా కలపొద్దు, సరదాకి కూడా. రెండు రాష్ట్రాల్లోనూ 21 దాటితేనే. "ఒక్క మిల్క్‌షేకే కదా" అని బండి తాళం అడిగితే ఇవ్వొద్దు. వంద ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేలు ఫైనో, ఆరు నెలల దాకా జైలో, రెండూనో. జగ్గు బాధ్యత ఒక్కరిదే, ఆ ఒక్కరు తాగరు. ఎవరు "ఏం తెలియట్లేదు" అన్నా ఇంకాస్త పోయొద్దు. పోయొద్దు.

పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఊపిరికి పది సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా 108. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏదీ నోట్లో పోయొద్దు, వేలు పెట్టి కక్కించొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి దగ్గరే కూర్చోండి. పడుకుంటే దిగిపోతుందని గదిలో వేసి తలుపు మూయొద్దు.

సీసా ఫోటో తీసి పెట్టుకోండి. ఎన్ని ఎంఎల్ పోశారో జగ్గు మీదే రాయండి. ఎంగేజ్‌మెంట్ పార్టీ రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ మొదట అడిగింది అదే, ఆ అమ్మాయి ఎంత తాగిందని. పదిమంది నిలబడ్డాం. "నాలుగు గ్లాసులు" అని చెప్పగలిగాం. గ్లాసులో ఎంతుందో ఒక్కరికీ తెలియదు.