సీ ల్యాబ్ ఎగ్జామ్: ఫంక్షన్ నుంచి మాట్రిక్స్ రిటర్న్ చేసే ముందు జాగ్రత్తలు

ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గరపడ్డాయి. మాట్రిక్స్‌ను ఫంక్షన్‌లో తయారుచేసి మెయిన్‌కి పంపమని అడిగితే, రాసే ముందు ఇవి చూసుకోండి.

• ఫంక్షన్ లోపల మామూలుగా డిక్లేర్ చేసిన అర్రేని రిటర్న్ చేయొద్దు. ఫంక్షన్ ముగియగానే మెమరీలో ఆ చోటు మీది కాదు. ఒక్కోసారి జవాబు సరిగ్గానే వచ్చినట్టు కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం. మధ్యలో ఇంకో ప్రింట్‌ఎఫ్ పెట్టగానే అంకెలన్నీ చెత్తగా మారిపోవచ్చు. మాలోక్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) తీసుకున్న చోటైతే ఫ్రీ చేసేదాకా, అంటే మీరే తిరిగి ఇచ్చేసేదాకా ఉంటుంది.

• ఒక్కో వరుస అడ్రస్‌ను ఒక్కో పాయింటర్‌లో దాచే పద్ధతిలో, ఆ వరుసల పాయింటర్లకు మాలోక్ చేసేటప్పుడు సైజాఫ్‌లో (ఎన్ని బైట్లో చెప్పేది) ఇంట్ కాదు, ఇంట్ స్టార్ (ఇంట్‌కి పాయింటర్) రాయండి. 64 బిట్ సిస్టమ్‌లో పాయింటర్ మామూలుగా 8 బైట్లు, ఇంట్ 4. అంటే 3 వరుసలకు 24 బైట్లు కావాలి, మీకు దొరికేది 12. మూడో వరుస అడ్రస్ వేరే చోట పడుతుంది.

• మాట్రిక్స్‌ల గుణకారంలో ముందు జవాబు మాట్రిక్స్‌లో ప్రతి గడినీ సున్నా చేయండి, లేదా చోటును సున్నాలతో నింపి ఇచ్చే క్యాలోక్ వాడండి. మాలోక్ ఇచ్చే చోటులో ఏముంటుందో చెప్పలేం.

• వరుసలు, నిలువుల లెక్క మెయిన్ దగ్గర ఉంచుకోండి. పాయింటర్‌ను అడిగితే చెప్పదు.

• ముందు ఒక్కో వరుసను ఫ్రీ చేసి, చివర్లో పాయింటర్ల అర్రేని ఫ్రీ చేయండి. తిరగేస్తే వరుసల అడ్రస్‌లు చేజారిపోతాయి.

• మాలోక్ నల్ ఇచ్చిందేమో చూడండి, అంటే మెమరీ దొరకలేదని.

ప్రశ్నలో రెండు స్టార్లే (పాయింటర్‌కి పాయింటర్) వాడాలని లేకపోతే, నేనైతే ఒకే మాలోక్‌తో మొత్తం చోటు తీసుకుంటాను. ఐ వరుస, జె నిలువు అయితే, ఐ ఇంటూ నిలువుల సంఖ్య ప్లస్ జె అని ఇండెక్స్ రాస్తే చాలు, ఫ్రీ కూడా ఒక్కసారే.