ఆరోగ్యశ్రీకి 'ఆదాయం ఎక్కువ' అని తిప్పి పంపారా? మీ ఇంటి లిస్టులో ఎవరెవరున్నారో ముందు చూడండి

ఇది ఆంధ్రప్రదేశ్ వాళ్ల కోసం రాస్తున్నాను. తెలంగాణలో లెక్క వేరు, దాని గురించి కింద కొంచెం చెప్పాను. పథకం పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అంతకుముందు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2007లో మొదలైనప్పుడు రాజీవ్ ఆరోగ్యశ్రీ. జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీ అనే మాటే ఉండిపోయింది, నేనూ అలాగే రాస్తాను.

కార్డుకి అప్లై చేయడం, సచివాలయంలో ఈకేవైసీ, ఆసుపత్రిలో మిత్ర (ఈ పథకం తరఫున అక్కడుండే మనిషి) దగ్గరికి వెళ్లడం మీకు తెలుసనుకునే రాస్తున్నాను. అప్లికేషన్ తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో మాత్రమే ఇక్కడ ఉంది.

ఏ సమస్యకైనా మొదటి పని ఒకటే. తిరస్కరించిన కారణం స్క్రీన్ మీద ఉంటుంది, ఆ ముక్క అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాయించుకోండి. 'ఎలిజిబుల్ కాదంట' అని ఇంటికి వచ్చేస్తారు చాలామంది. దేనికి కాదు? ఆదాయమా, భూమా, కారా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగమా? అది తెలియకుండా ఇన్‌కం సర్టిఫికెట్ కోసం తిరిగితే లాభం లేదు. ఆదాయం సమస్యే కానివాళ్లు ఆదాయం కాగితాల కోసం వారాల తరబడి తిరగడం చూస్తుంటే బాధేస్తుంది. ఆ వారాల్లో ఇంట్లో పేషెంటు ఎదురుచూస్తూ ఉంటారు.

సమస్య: రైస్ కార్డు పోయింది, కాబట్టి ఆరోగ్యశ్రీ కూడా పోయిందనుకుంటున్నారు

పోలేదు. 2019 చివర్లో నవశకం సర్వే తర్వాత రైస్ కార్డునీ ఆరోగ్యశ్రీ కార్డునీ విడదీశారు. రైస్ కార్డుకి పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 రూపాయల ఆదాయం దాటకూడదు. నెలకి 300 యూనిట్ల కరెంటు, మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట దాటకూడదు, కారు ఉండకూడదు, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు అనే షరతులన్నీ ఆ కార్డువి.

ఆరోగ్యశ్రీ షరతులు చాలా వదులు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. మాగాణి 12 ఎకరాల లోపు, మెట్ట 35 ఎకరాల లోపు ఉండొచ్చు. సొంత కారు ఒకటి ఉండొచ్చు. పట్టణంలో 3,000 చదరపు అడుగుల లోపు ఇంటికి పన్ను కడుతున్నా ఫర్వాలేదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకి కూడా జీతం 5 లక్షల లోపైతే ఉంది.

అంటే కరెంటు బిల్లు ఎక్కువొచ్చి రైస్ కార్డు పోయిన కుటుంబానికి ఆరోగ్యశ్రీ కార్డు దర్జాగా రావచ్చు. ఏసీ పెట్టుకున్నాం కాబట్టి ఆరోగ్యశ్రీ రాదని ఇంట్లోనే తేల్చేసుకుని, అసలు అడగకుండా, పెద్దాయన ఆపరేషన్‌కి పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలున్నాయి. దయచేసి అడగండి. అడిగేటప్పుడు 'రైస్ కార్డు లేదు, ఆదాయం 5 లక్షల లోపు, ఆరోగ్యశ్రీ కార్డు విడిగా కావాలి' అని స్పష్టంగా చెప్పండి.

సమస్య: మాకున్నది రెండెకరాలు, కానీ 'ఆదాయం ఎక్కువ' లేదా 'ఇన్‌కం ట్యాక్స్' లేదా 'ప్రభుత్వ ఉద్యోగి' అని వస్తోంది

నిదానంగా చదవండి. అర్హత ఉండీ కార్డు రానివాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అసలు కారణం ఏ కాగితం మీదా కనిపించదు.

సచివాలయాల వ్యవస్థ వచ్చినప్పుడు వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరి ఆధార్‌లూ కలిపి ఒక కుటుంబంగా ఎక్కించారు. దాన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. ఆదాయం చూసేది మీ ఒక్కరిది కాదు, ఆ లిస్టులో ఉన్న అందరిదీ. మీ చేతిలో ఉన్న కార్డులో ఏ పేర్లున్నాయన్నది అక్కడ లెక్కలోకి రాదు. మీరెప్పుడూ చూడని ఆ లిస్టులో ఎవరున్నారన్నదే లెక్క.

ఒక ఇల్లు తీసుకుందాం. తెనాలి దగ్గర పల్లె, తండ్రికి అరవై మూడేళ్లు, రెండెకరాల పొలం. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, జీతం ఏడాదికి 9 లక్షలు. పెళ్లయి నాలుగేళ్లయింది, భార్యాబిడ్డలతో అక్కడే కాపురం. సర్వే నాటికి అతనికి పెళ్లి కాలేదు కాబట్టి తల్లిదండ్రుల లిస్టులో ఎక్కించారు. తర్వాత ఎవరూ తీయలేదు. ఇప్పుడు తండ్రి గుండెకి స్టెంట్ వేయాలి. సిస్టమ్ ఆ 9 లక్షలనీ తండ్రి ఇంటి ఆదాయంగానే చూస్తుంది. తండ్రి ఎమ్మార్వో ఆఫీసు నుంచి లక్ష రూపాయలకి ఇన్‌కం సర్టిఫికెట్ తెచ్చినా మళ్లీ అదే తిరస్కారం. ఆయన సర్టిఫికెట్ తప్పు కాదు, కానీ అడ్డుగా ఉన్నది ఆయన ఆదాయం కాదు.

ఇంకో రకం అన్నదమ్ముల ఇళ్లు. ఆస్తి పంపకాలయ్యాయి, పొయ్యిలు వేరు, కానీ డోరు నంబరు ఒకటే. అన్న ప్రభుత్వ టీచరు, తమ్ముడు ఆటో నడుపుతాడు. ఇద్దరినీ ఒకే కుటుంబంగా ఎక్కించేశారు. అన్నకి ఉద్యోగుల హెల్త్ స్కీమ్ ఉంటుంది, ఆయనకి లోటు లేదు. తమ్ముడి పిల్లలకి మాత్రం అదీ లేదు, ఇదీ లేదు.

దీన్ని కనిపెట్టడానికి సచివాలయంలో అడగాల్సిన ప్రశ్న ఇది: 'మా హౌస్‌హోల్డ్‌లో ఎవరెవరున్నారో చూపించండి.' మా కార్డు చూడండి అని అడగొద్దు. అలా అడిగితే కార్డులో ఉన్న పేర్లే చదివి పంపిస్తారు, అవి సరిగ్గానే ఉంటాయి. హౌస్‌హోల్డ్ లిస్టు, రైస్ కార్డు లిస్టు, ఆరోగ్యశ్రీ కార్డు లిస్టు మూడూ వేర్వేరు. ఒకదాంట్లో పేరు తీసేస్తే మిగతా రెండింట్లో దానంతట అది పోదు. స్ప్లిట్ (ఒకే లిస్టులో ఉన్నవాళ్లని వేరే కుటుంబంగా విడదీయడం) చేయించుకున్నాక కూడా పని అవలేదని వచ్చేవాళ్లంతా రెండో లిస్టు దగ్గరో మూడో లిస్టు దగ్గరో ఆగిపోయినవాళ్లే.

బాగుచేసే వరస కూడా ముఖ్యం. ముందు హౌస్‌హోల్డ్‌లో స్ప్లిట్ చేయించాలి. దానికి పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. కొడుకు పెళ్లి రిజిస్టర్ కాకపోతే మొదట ఆ పని చూడండి, శుభలేఖ చూపిస్తే కుదరదు. విడిపోయే కొడుకు, కోడలు ఈకేవైసీ ఇవ్వాలి, అంటే వాళ్లు అందుబాటులో ఉండాలి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పండగ ముందే ఈ పని పెట్టుకోండి, పండగ రోజుల్లో సచివాలయానికి సెలవు. స్ప్లిట్ అయ్యాక రైస్ కార్డు ఉంటే అందులో పేరు తీయించాలి. ఆ తర్వాతే ఆరోగ్యశ్రీకి కొత్తగా అప్లై చేయాలి. తొందరపడి మూడూ ఒకే రోజు పెడితే పాత లిస్టు ప్రకారం మళ్లీ తిరస్కరణే వస్తుంది. ముందు స్ప్లిట్ ఆమోదం అయిందో లేదో రెండోసారి లిస్టు చూపించమని అడిగి, కళ్లారా చూసుకుని తర్వాతి అడుగు వేయండి.

స్ప్లిట్ ఆప్షన్ అన్నివేళలా తెరిచి ఉండదు. మూసి ఉందని చెబితే రశీదు వచ్చేలా అర్జీ పెట్టండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చినా సరే. నోటి మాటతో తిరిగి రావొద్దు.

ఒకటి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. పెళ్లికాని కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడని స్ప్లిట్ ఇవ్వరు. నిబంధన ప్రకారం అతను మీ కుటుంబమే, అతని జీతం మీ ఆదాయమే. డబ్బులిస్తే విడదీసి పెడతామనే మధ్యవర్తుల మాట వినకండి. తర్వాత ఎప్పుడో తనిఖీలో కార్డు ఆగిపోయేది మీకే, అదీ సరిగ్గా అవసరం పడినప్పుడు.

సమస్య: ట్యాక్స్ ఒక్క రూపాయి కూడా కట్టలేదు, అయినా ఆదాయం ఎక్కువ అంటున్నారు

ట్యాక్స్ సున్నా అవడం వేరు, ఆదాయం 5 లక్షల లోపు ఉండటం వేరు. కొత్త పన్ను విధానంలో రిబేటు వల్ల 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడకపోవచ్చు. ఆరోగ్యశ్రీ అడిగేది పన్ను గురించి కాదు, ఆదాయం గురించి. ఏడు లక్షల జీతానికి పన్ను సున్నా అయినా ఇక్కడ అర్హత లేదు.

తిరగేసి కూడా నిజమే. బ్యాంకు వడ్డీ మీదో కాంట్రాక్టు పని మీదో టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటే, రీఫండ్ కోసం రిటర్న్ వేసినంత మాత్రాన ఆరోగ్యశ్రీ పోకూడదు, ఆదాయం 5 లక్షల లోపు ఉన్నంతవరకూ. ఆ రిటర్న్ కాపీ జతచేసి అప్లై చేయండి. అయితే లోన్ కోసం ఎక్కువ ఆదాయం చూపించి రిటర్న్ వేయించుకున్నవాళ్లకి దారి లేదు. మీరే సంతకం పెట్టి చెప్పిన ఆదాయాన్ని ఇప్పుడు కాదనలేరు. లోన్ ఇప్పించే ఏజెంటు ఈ సంగతి మీకు చెప్పడు, అందుకే నేను చెబుతున్నాను.

కాంట్రాక్టు ఉద్యోగులకి 'ప్రభుత్వ ఉద్యోగి' అని వస్తే, మీ డిపార్ట్‌మెంట్ నుంచి కాంట్రాక్టు అనీ, ఏడాది జీతం ఇంత అనీ లెటర్ తెచ్చి అర్జీ పెట్టండి.

సమస్య: కార్డు ఉంది, ఆసుపత్రిలో పేరు లేదంటున్నారు

కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోయి ఉంటుంది. అక్కడ తీయించి ఇక్కడ చేర్పించాలి, ఈ వరసలోనే. బిడ్డ పుట్టగానే పేరు చేర్పించడం మర్చిపోకండి. ఇవాళ ఇంట్లో అందరూ బాగున్నప్పుడే కార్డు తీసి పేర్లు, వయసులు, ఆధార్ స్పెల్లింగులు సరిచూసుకోండి. ఐదు నిమిషాల పని.

మిగతావి

భూమి వల్ల ఆగేది అరుదు, పన్నెండెకరాల మాగాణి ఎంతమందికుంది? తాత పేరున పంపకం కాని పొలం మీ ఆధార్‌కి ఎక్కి ఉంటే వీఆర్వోతో సరిచేయించుకోండి. రెండో కారు చూపిస్తోందంటే ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంది, రవాణా శాఖలో 29, 30 ఫారాలతో బదిలీ చేయించాలి. వేరే వాళ్ల కరెంటు మీటరు మీ ఆధార్‌కి తగిలించి ఉంటే అది రైస్ కార్డు గొడవ, కరెంటు ఆఫీసులో తేల్చుకోండి.

తెలంగాణలో

అక్కడ ఆరోగ్యశ్రీకి ఆధారం ఆహార భద్రత కార్డు, అంటే రేషన్ కార్డు. కాబట్టి పైన చెప్పిన 5 లక్షల ఆదాయం లెక్క అక్కడ పనికిరాదు. కార్డుకి ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. భూమి మూడున్నర ఎకరాల మాగాణి లేదా ఏడున్నర ఎకరాల మెట్ట. వైద్యానికి ఇచ్చే మొత్తాన్ని 2023 డిసెంబర్ 9 నుంచి 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. ఆ 10 లక్షలు వైద్యం ఖర్చుకి పరిమితి, మీ ఆదాయానికి కాదు. రెండింటినీ కలిపేసుకుని, మా ఆదాయం 10 లక్షల లోపే కదా అని వాదించి లాభం లేదు.

మనిషి ఇప్పటికే ఆసుపత్రిలో ఉంటే

ఎమర్జెన్సీలో కార్డు గొడవ తేలేదాకా ఆగొద్దు. పథకంలో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి, మిత్రని కలవండి, 104కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీ కేసులకి ఫోన్ మీద ఆమోదం తీసుకునే పద్ధతి ఉంది. డబ్బు కట్టేసి కార్డు తర్వాత తెస్తామని మాత్రం ఒప్పుకోకండి. కట్టిన డబ్బు తిరిగి రాబట్టడం చాలా కష్టం.

పేషెంటుకి 70 ఏళ్లు దాటితే ఆదాయం లెక్కే లేని దారి ఇంకొకటుంది. 2024 అక్టోబర్ 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 దాటిన వాళ్లకి ఏడాదికి 5 లక్షల దాకా కవరేజీ ఇస్తున్నారు, కొడుకు జీతం ఎంతైనా సరే. వయసు ఆధార్‌ని బట్టి చూస్తారు. పల్లెల్లో చాలామంది పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ ఎవరో అంచనాగా వేసిందే, ఓసారి చూసుకోండి.

ఏ దారిలోనూ అర్హత లేదని తేలితే ముఖ్యమంత్రి సహాయ నిధి మిగులుతుంది. వైద్యం మొదలవ్వకముందైతే ఆసుపత్రి ఎస్టిమేట్‌తో ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు ఇస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ లేఖకి అడగాలి. అయిపోయాకైతే బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్స్‌తో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పంపాలి. జిరాక్సులు ముందే తీసి పెట్టుకోండి, ఇచ్చిన ఒరిజినల్స్ మళ్లీ చేతికి రావు.